ఒక్క రన్ చాలు, కానీ ఆ ఒక్కటీ ఎక్కడి నుంచి వస్తుంది?

ఆదివారం రాత్రి విజయవాడ స్టూడియోలో జరిగిన చర్చ ఇది, మాటలు దాదాపు ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాం. పాల్గొన్నవాళ్ళు ముగ్గురు. గుంటూరులో హైస్కూల్ ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పే పీఈటీ మేడం, బెజవాడలో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పే లెక్చరర్, ఒకప్పుడు జిల్లా లీగుల్లో ఓపెనర్‌గా ఆడి ఇప్పుడు నెట్స్ నడుపుతున్న మాజీ క్రికెటర్.

యాంకర్: నమస్కారం. పొద్దున్నే లేచి ఫోన్లో అమెరికా బేస్‌బాల్ చూసే కుర్రాళ్ళు మన బెజవాడలోనూ ఉన్నారు, గుంటూరు గ్రౌండ్లలో సాఫ్ట్‌బాల్ ఆడే ఆడపిల్లలూ ఉన్నారు. వాళ్ళందరూ అడిగేది ఒక్కటే. తొమ్మిది మంది లైనప్‌లో ముగ్గురో నలుగురో సరిగ్గా కొట్టలేనివాళ్ళు ఉంటే ఆ టీమ్ గెలుస్తుందా? సర్, ముందు మీరు చెప్పండి.

మాజీ క్రికెటర్: కష్టమండీ. సూటిగా చెప్తున్నా. క్రికెట్‌లో మనకు బలహీనుల్ని దాచుకోడానికి చోటుంది. పదకొండో నంబర్ వాడికి ప్యాడ్లు కట్టుకునే అవసరం కూడా రాకుండా మ్యాచ్ గెలిచేయొచ్చు. బేస్‌బాల్‌లో అలా కుదరదు. తొమ్మిదో వాడి వంతు అయిపోయాక మళ్ళీ ఒకటో వాడు, మళ్ళీ తిరిగి తొమ్మిదో వాడు. మ్యాచ్‌లో మూడు నాలుగు సార్లు వాడు బ్యాట్ పట్టుకుని నిలబడాల్సిందే. ఇన్నింగ్స్‌కి మూడు చొప్పున తొమ్మిది ఇన్నింగ్స్‌లకి టీమ్ మొత్తానికి 27 అవుట్లే ఉంటే, వాడొచ్చినప్పుడల్లా ఒకటి పోతుంటే ఎలాగండీ?

లెక్చరర్: మీరన్నది నిజం. కానీ చరిత్రలో ఒక టీమ్ ఉంది, దాన్ని పక్కన పెట్టి ఈ మాట మాట్లాడలేం. 1906 షికాగో వైట్ సాక్స్. అమెరికాలో ఉన్న రెండు పెద్ద లీగుల్లో ఒకటి అమెరికన్ లీగ్, ఆ ఏడాది అందులో ఉన్న ఎనిమిది టీముల్లో బ్యాటింగ్ యావరేజ్ అన్నిటికన్నా తక్కువ వీళ్ళదే, వంద సార్లు బ్యాట్ పడితే 23 హిట్లు, అంటే బాల్ కొట్టి బేస్ చేరినవి. బేస్‌లు నాలుగు, అన్నీ చుట్టి ఇంటికొస్తే ఒక రన్. ఒకే దెబ్బకి నాలుగు బేస్‌లూ చుట్టొచ్చే హోమ్‌రన్‌లు సీజన్ మొత్తం కలిపి 7. టీమ్ అంతా కలిపి ఏడు! అయినా 93 మ్యాచ్‌లు గెలిచారు. ఛాంపియన్‌ని తేల్చే వరల్డ్ సిరీస్‌లో ఎదురైంది అదే ఊరి కబ్స్, ఆ సీజన్‌లో 116 గెలిచి 36 మాత్రమే ఓడిన టీమ్. ఆ కబ్స్‌ని 4-2తో ఓడించారు.

మాజీ క్రికెటర్: పిచింగ్ వల్లే కదా, అంటే మన బౌలింగ్ లాంటిది?

లెక్చరర్: పిచింగ్ చాలా గొప్పది, ఎడ్ వాల్ష్ లాంటి పిచర్ ఉన్నాడు ఆ టీమ్‌లో. కానీ పిచింగ్ ఒక్కటే అనుకుంటే అసలు విషయం జారిపోతుంది. హిట్లలో అట్టడుగున ఉన్న ఆ టీమ్, రన్స్‌లో లీగ్‌లో మూడో స్థానంలో ఉంది. ఎలా? బ్యాట్‌కి తగిలించకుండానే బేస్ మీదకి చేరేవాళ్ళు. బయట పడే బాల్స్‌ని వదిలేసి, నాలుగు పడ్డాక వాక్ తీసుకుని ఫస్ట్ బేస్‌కి పోవడం, బంట్ చేసి, అంటే బాల్‌ని మెల్లగా తాకించి ముందున్నవాణ్ణి ఒక బేస్ జరపడం, ఎవరూ కొట్టకుండానే అదును చూసి తర్వాతి బేస్‌కి పరిగెత్తి స్టీల్ చేయడం. హిట్ కొట్టలేకపోవడం వేరు, బేస్ మీదకి చేరలేకపోవడం వేరు. ఈ రెండిటినీ మనం ఒకే గాటన కడుతున్నాం.

మాజీ క్రికెటర్: సరే, నేనూ చదువుకునే వచ్చా. ఆ సిరీస్‌లో మొదటి నాలుగు మ్యాచ్‌లు అయ్యేసరికి 2-2. తర్వాత వైట్ సాక్స్ ఐదోదాంట్లో 8 రన్లు, ఆరోదాంట్లో 8 రన్లు చేసి కప్పు పట్టుకెళ్ళారు. అంటే చివరికి తాళం తీసింది బ్యాటే కదా మాస్టారూ. మూడో మ్యాచ్ 3-0తో గెలిచారు, ఆ మూడు రన్లూ జార్జ్ రోహ్ అనే ఒక్కడి ట్రిపుల్ మీద, అంటే మూడు బేస్‌ల దెబ్బ మీద వచ్చాయి. మూడు బేస్‌లూ నిండి ఉన్నాయి, కొట్టాడు, ముగ్గురూ ఇంటికొచ్చేశారు. అతను మామూలుగా సబ్‌స్టిట్యూట్. ఎవరో ఒకరు ఏదో ఒక రోజు కొట్టాలి. కొట్టకపోతే లేదు.

యాంకర్: మేడం, మీరు ఇందాకటి నుంచి తల ఊపుతున్నారు గానీ మాట్లాడట్లేదు.

కోచ్: వింటున్నానండి. వాళ్ళిద్దరూ చెప్పేది టీమ్ మొత్తం గురించి. నాకు రోజూ ఎదురయ్యేది ఒక్క అమ్మాయి. ఒక్క స్థానం. ఈ అమ్మాయిని ఆడించాలా, కూర్చోబెట్టాలా. మా టీమ్‌లో షార్ట్‌స్టాప్ ఉంది, అంటే సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య ఫీల్డింగ్ చేసే పిల్ల, తొమ్మిదో తరగతి. వాళ్ళ అమ్మానాన్నలు మిర్చి కోతకి వెళ్తారు, సెలవుల్లో తనూ వెళ్తుంది, సోమవారం వచ్చేసరికి వేళ్ళు మండుతున్నాయని గ్లవ్ పెట్టుకోడానికి ముందు చేతులు మజ్జిగతో కడుక్కుంటుంది. బ్యాట్ పడితే మూడు బాల్స్‌కి అవుట్. నాకు తెలిసి పోయిన ఏడాది మొత్తంలో గట్టిగా తగిలింది రెండు మూడు సార్లు. ఒక సెలక్షన్‌కి తీసుకెళ్తే అక్కడ కూర్చున్న పెద్దమనిషి ఒకాయన ఆమె ఫీల్డింగ్ చూడకుండానే, బ్యాట్ పట్టడం రాని పిల్లని ఎందుకు తెచ్చారమ్మా అన్నారు. ఆ మాట ఆ పిల్ల విన్నది. దారి పొడుగునా బస్సులో మాట్లాడలేదు. నాకిప్పటికీ ఆ బాధ పోలేదు.

యాంకర్: మరి మీరెందుకు ఆడిస్తున్నారు?

కోచ్: మా గ్రౌండ్ చూశారా మీరు? ఎర్రమట్టి, మధ్యలో కంకర. బాల్ నేల మీద వస్తూ వస్తూ ఎటు లేస్తుందో తెలియదు. మిగతా పిల్లలు బాల్ వచ్చేదాకా నిలబడి, లేచాక ముఖం తిప్పుకుంటారు. ఈ అమ్మాయి ముందుకు పోతుంది. కుడి మోకాలు వంచి, గ్లవ్ నేలకి ఆనించి, కింద నుంచి పైకి తీసుకుంటుంది గానీ పై నుంచి కిందకి ఎప్పుడూ పోదు. అందుకే బాల్ లేచినా గ్లవ్‌లోకే లేస్తుంది. పట్టిన చేయి ఇంకా లేవకముందే రెండో చేయి బాల్ మీద ఉంటుంది. ఒక మ్యాచ్‌లో 2-1 మీద ఉన్నాం, ఆఖరి ఇన్నింగ్స్, మాది ఏడు ఇన్నింగ్స్‌ల ఆట. సెకండ్ బేస్ మీద ఒకరు, థర్డ్ బేస్ మీద ఒకరు. బాల్ పిచర్ పక్క నుంచి దూసుకుపోయింది. నేను అయిపోయిందనుకున్నా. ఈ పిల్ల పడిపోయి ఆపి, మోకాళ్ళ మీదే ఉండి ఫస్ట్ బేస్‌కి విసిరింది. అది మూడో అవుట్, మ్యాచ్ అయిపోయింది. అది పోయుంటే రెండు రన్లు వచ్చేవి, ఓడిపోయేవాళ్ళం. ఆ రోజు తను బ్యాట్‌తో మూడు సార్లూ అవుటే. ఇప్పుడు చెప్పండి, ఆ అమ్మాయి మాకు రెండు రన్లు చేసినట్టా, కాదా?

మాజీ క్రికెటర్: చేసినట్టేనమ్మా. దానికి నేను కాదనను. క్రికెట్‌లోనూ ఆపిన రన్ కొట్టిన రన్‌తో సమానమే. 2018లో మన సన్‌రైజర్స్ వాంఖడేలో 118కి ఆలౌట్ అయ్యారు, టీవీలు కట్టేసి పడుకున్నారు జనం. ముంబైని 87కి లేపేశారు. నేను కూడా ఆ రోజు సగంలో లేచి వెళ్ళిపోయి తర్వాత హైలైట్స్ చూసుకున్నా.

లెక్చరర్: మేడం చెప్పిన అమ్మాయి లాంటివాళ్ళు పెద్ద లీగులోనూ ఉన్నారు. బాల్టిమోర్ ఓరియోల్స్‌కి మార్క్ బెలాంజర్ అని షార్ట్‌స్టాప్. కెరీర్ యావరేజ్ వందకి 23 హిట్లు కూడా లేవు, 228 పాయింట్లు అంటారు వాళ్ళ లెక్కలో. ఫీల్డింగ్‌కి ఇచ్చే గోల్డ్ గ్లవ్ అవార్డులు ఎనిమిది గెలిచాడు. 1970లో ఆ టీమ్ వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు షార్ట్‌స్టాప్‌లో ఉన్నది ఇతనే. అయితే ఒకటి, చుట్టూ ఫ్రాంక్ రాబిన్‌సన్, బూగ్ పావెల్ లాంటివాళ్ళు కొడుతున్నారు కాబట్టి ఇతని బ్యాట్‌ని మోయగలిగారు. అలాంటివాళ్ళు ఒకరుంటే సరే. నలుగురుంటే?

యాంకర్: అక్కడికే వద్దాం. ఎంతమంది దాకా పర్లేదు?

లెక్చరర్: ఒక లెక్క చెప్తా, తేలికే. వరసగా ముగ్గురు వస్తున్నారనుకోండి. ఒక్కొక్కరూ పది సార్లలో నాలుగు సార్లు బేస్ మీదకి చేరేవాళ్ళయితే ముగ్గురూ వరసగా చేరే అవకాశం వందకి 6.4. పదికి మూడు సార్లు చేరేవాళ్ళయితే 2.7. ఒక్కొక్కరిలో తగ్గింది పావు వంతే, ముగ్గురి కలయికలో సగానికి పైగా పడిపోయింది. బేస్‌బాల్‌లో రన్ రావాలంటే ఒకరి వెనక ఒకరు కావాలి, హోమ్‌రన్ తప్పితే. కాబట్టి బలహీనులు విడివిడిగా ఉంటే చిల్లు, ఒకచోట చేరితే గొయ్యి. అందుకే వాళ్ళని కిందకి పెడతారు. ఆర్డర్‌లో ఒక్కో మెట్టు దిగితే బ్యాట్ పట్టే సార్లు మ్యాచ్‌కి సగటున ఒకదాంట్లో తొమ్మిదో వంతు తగ్గుతాయి, 162 మ్యాచ్‌ల సీజన్‌లో 18 సార్లు. ఒకటో స్థానానికీ తొమ్మిదోదానికీ దాదాపు 144 సార్ల తేడా.

ఇంకోటి మర్చిపోతున్నాం. రెండో పెద్ద లీగు నేషనల్ లీగ్‌లో మొన్న మొన్నటి దాకా పిచరే బ్యాటింగ్ చేసేవాడు. అమెరికన్ లీగ్‌లో 1973లోనే పిచర్ బదులు వేరే బ్యాటర్‌ని పెట్టుకోనిచ్చారు, నేషనల్ లీగ్‌లో అది 2022లో గానీ స్థిరపడలేదు. అంటే అన్నేళ్ళూ ఆ లీగ్‌లో ప్రతి టీమ్ ఒక కొట్టలేనివాణ్ణి మోసుకుంటూనే ఆడింది.

మాజీ క్రికెటర్: ఇద్దరికీ ఉంది కదా ఆ బరువు, అప్పుడది సమానమే. ఒకరికే ఉన్నప్పుడు కదా కష్టం. నేనొక మాట అడుగుతా. 1968లో బాబ్ గిబ్సన్ అనే పిచర్, ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి తీసేస్తే, తొమ్మిది ఇన్నింగ్స్‌లకి సగటున 1.12 రన్లే ఇచ్చాడు. అంత గొప్ప సీజన్‌లో 22 గెలిచి 9 ఓడాడు. తొమ్మిది! 2018లో జేకబ్ డీగ్రామ్, 1.70. గెలుపులు 10, ఓటములు 9. ఆ ఏడాది అత్యుత్తమ పిచర్ అవార్డు ఇచ్చారు గానీ, టీమ్ గెలిపించిందా? పిచర్ రన్లు ఆపగలడు, చేయలేడు. ఎంత ఆపినా సున్నా కన్నా కిందకి ఆపలేడు కదండీ. అవతల సున్నా, ఇవతల సున్నా అయితే తెల్లారేదాకా ఆడాల్సిందే.

లెక్చరర్: ఇది గట్టి మాట. దీనికి నా దగ్గర ఒకే టీమ్ నుంచి రెండు కథలున్నాయి. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్. 1965లో లీగ్‌లో అందరికన్నా తక్కువ హోమ్‌రన్‌లు వీళ్ళవి. సెప్టెంబర్ 9న కబ్స్‌తో మ్యాచ్. డాడ్జర్స్ పిచర్ శాండీ కోఫాక్స్. అవతల బాబ్ హెండ్లీ కూడా అద్భుతంగా వేస్తున్నాడు. ఐదో ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ బ్యాటర్ లూ జాన్సన్‌కి వాక్ దొరికింది. తర్వాతవాడు బంట్ చేసి అతన్ని సెకండ్ బేస్‌కి పంపాడు. జాన్సన్ థర్డ్ బేస్ స్టీల్ చేయబోతే క్యాచర్ ఆపుదామని విసిరాడు, బాల్ గురి తప్పి వెనక మైదానంలోకి పోయింది, జాన్సన్ నడుచుకుంటూ ఇంటికొచ్చినంత పనైంది. ఒక రన్. ఒక్క హిట్ లేకుండా. ఆ మ్యాచ్ మొత్తంలో రెండు టీములకీ కలిపి వచ్చింది ఒకే ఒక్క హిట్, అది కూడా ఏడో ఇన్నింగ్స్‌లో ఈ జాన్సన్‌దే, దానితో రన్ రాలేదు. కోఫాక్స్ అవతలివాళ్ళని 27 మందికి 27 మందిని అవుట్ చేశాడు, ఒక్కరు కూడా బేస్ మీదకి చేరలేదు. 1-0. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ కూడా వాళ్ళదే.

యాంకర్: రెండో కథ?

లెక్చరర్: సరిగ్గా ఏడాది తర్వాత, అదే టీమ్, అదే కోఫాక్స్, అతనికి తోడు ఇంకో గొప్ప పిచర్ డ్రైస్‌డేల్. 1966 వరల్డ్ సిరీస్. ఓరియోల్స్ మీద నాలుగు మ్యాచ్‌లూ ఓడారు. నాలుగింటిలో కలిపి చేసిన రన్లు రెండు. ఆఖరి 33 ఇన్నింగ్స్ వరసగా సున్నా. మూడో మ్యాచ్ 1-0, నాలుగో మ్యాచ్ 1-0. పిచర్లు ఇంతకన్నా ఏం చేయగలరు చెప్పండి? ఆ రెండు మ్యాచ్‌ల్లోనూ ఒక్కో హోమ్‌రన్‌తో పోయింది. రెండో మ్యాచ్‌లో ఫీల్డింగ్ కూడా జారింది, ఆరు తప్పులు చేశారు.

మాజీ క్రికెటర్: అదీ నేననేది.

కోచ్: సర్, ఒక్క నిమిషం. నాకు ఇందులో వేరేది వినపడింది. మొదటి కథలో జాన్సన్ కొట్టలేదు. చూశాడు. నాలుగు బాల్స్ వదిలాడు. తర్వాతవాడు బంట్ చేశాడు, తను అవుటై అవతలివాణ్ణి జరిపాడు. మా పిల్లలకి నేను ఏళ్ళ తరబడి గట్టిగా కొట్టమనే చెప్తున్నానండి. కండబలం లేని పిల్లని కూడా గట్టిగా తిప్పమంటున్నా. తిప్పుతుంది, తగలదు, తల వంచుకుని వస్తుంది. ఆ అమ్మాయికి నేలబాల్ చూపు అంత బాగుంటే, గాల్లో వచ్చే బాల్ చూపు ఎందుకు రాదు? నేనే నేర్పలేదు.

మాజీ క్రికెటర్: అది రాబట్టొచ్చమ్మా. ఓపెనర్‌కి మొదట నేర్పేదే అది, ఏది వదలాలో. మా గురువుగారు నెట్స్‌లో అరగంట బ్యాట్ తగిలించనిచ్చేవారు కాదు. ఆఫ్‌స్టంప్ బయట పడ్డది ప్రతీదీ వదలమనేవారు. ఏడుపొచ్చేది. కానీ కళ్ళు కుదురుకునేవి.

యాంకర్: మాస్టారూ, ఆ అమ్మాయిని ఏ స్థానంలో దింపాలంటారు?

లెక్చరర్: తొమ్మిదిలోనే ఉంచండి మేడం, ఎనిమిదికి వద్దు. తొమ్మిది తర్వాత వచ్చేది మీ ఒకటో బ్యాటర్. తను వాక్ తీసుకుని ఫస్ట్ బేస్ మీద నిలబడితే, వెనక వచ్చేది మీ బలమే.

కోచ్: మా ఒకటో అమ్మాయి బాగా కొడుతుంది. ఇన్నాళ్ళూ ఆమె వచ్చేసరికి బేస్‌లు ఖాళీగా ఉంటున్నాయి. బంట్ కూడా మొదలుపెడతా. రేపు పొద్దున ఆరింటికి ప్రాక్టీస్ ఉంది. మొదటి ఇరవై బాల్స్ బ్యాట్ భుజం మీద నుంచి దించకుండా చూడమంటా, ఏది కొట్టదగ్గ స్ట్రైక్, ఏది కాదు నోటితో చెప్పమంటా.

మాజీ క్రికెటర్: బాల్స్ ఎవరు వేస్తారు?

కోచ్: నేనే సర్, ఇంకెవరున్నారు.

మాజీ క్రికెటర్: నేనొస్తా. ఆరింటికంటే ఇక్కడ ఐదింటికి బయల్దేరాలి. గ్రౌండ్ ఎక్కడ?

కోచ్: చుట్టుగుంట దగ్గరికొచ్చి ఫోన్ చేయండి సర్, పిల్లల్ని పంపిస్తా.