ఆర్‌ఏ నెగెటివ్ వచ్చింది, మరి మోకాలెందుకు వాచింది?

అందరికీ నమస్కారం. వెనకాల వినపడతోందా? సరే.

నా దగ్గరికొచ్చేవాళ్ళు చాలామంది ఫైల్ టేబుల్ మీద పెట్టి మొట్టమొదట అనే మాట, "ఆర్‌ఏ నెగెటివ్ అండీ, అంటే వాతం లేనట్టేగా?" అని. లేనట్టు కాదండీ. ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ ఈ రెండూ రుమటాయిడ్ అనే ఒక్క రకం కోసం చేసేవి. క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ లాంటి పేగు జబ్బులతో పాటు వచ్చే కీళ్ళవాతంలో అవి మామూలుగా నెగెటివే వస్తాయి.

ఒకావిడ, బట్టలు కుడతారు, మిషన్ తొక్కే కాలు మోకాలు బుస్సున వాచిపోయి వచ్చారు. ల్యాబ్ ప్యాకేజీలో యూరిక్ యాసిడ్, ఏఎస్ఓ, ఆర్‌ఏ అన్నీ నార్మలే, కానీ హిమోగ్లోబిన్ 8 ఉంది, దాన్నెవరూ పట్టించుకోలేదు. గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పారు, ఏడాదిగా మోషన్‌లో నెత్తురు పడుతోందట, మొలలేమోలే అని ఊరుకున్నారట, పైగా కీళ్ళ డాక్టర్‌కి ఆ సంగతెందుకు చెప్పడం అనుకున్నారట. ఈలోపు మెడికల్ షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కుని వేసుకుంటూనే ఉన్నారు, అవేమో కొందరిలో పేగు జబ్బుని ఇంకా రేపుతాయి.

మరి రక్తంలో ఏం చూస్తాం అంటే, సీఆర్‌పీ, ఈఎస్ఆర్. సీఆర్‌పీ లివర్‌లో తయారవుతుంది, ఒంట్లో ఎక్కడ ఇన్‌ఫ్లమేషన్, అంటే లోపలి వాపూ మంటా, ఉన్నా పెరుగుతుంది, అది మోకాలా పేగా పన్నా అని మాత్రం చెప్పదు. అల్సరేటివ్ కొలైటిస్‌లో అయితే జబ్బు రేగి ఉన్నా కొందరికి పెద్దగా పెరగదు కూడా. ఈఎస్ఆర్ ఇంకా మొండిది, రక్తం తక్కువున్నా పెరుగుతుంది, కాబట్టి ఆవిడ ఈఎస్ఆర్‌లో కీలు వాటా ఎంతో, రక్తహీనత వాటా ఎంతో ఎవరూ విడదీయలేరు. ఇంకో తిరకాసు, కొన్ని ల్యాబులు సీఆర్‌పీని లీటర్ లెక్కన ఇస్తాయి, కొన్ని డెసిలీటర్ లెక్కన, 12 అన్నా 1.2 అన్నా ఒకటే, ల్యాబ్ మారి నంబర్ తగ్గిందని ఒకాయన మందులే మానేశారు! నంబర్ పక్కన యూనిట్ చూడండి బాబూ.

హెచ్ఎల్ఏ బీ27 గురించి అందరూ అడుగుతారు. అది జీన్, పుట్టుకతో వచ్చేది, జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు, ఏటేటా డబ్బు తగలెయ్యక్కర్లేదు. పాజిటివ్ ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి ఏ జబ్బూ రాదు. మామూలు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్‌లో, అంటే వెన్ను బిగుసుకుపోయే వాతంలో, ఎక్కువగా పాజిటివ్ వస్తుంది గానీ పేగు జబ్బుతో వెన్ను పట్టేసినవాళ్ళలో అంతగా రాదు, అందుకే నెగెటివ్ చూసి వెన్నునొప్పిని తీసిపారెయ్యొద్దు. పొద్దున లేవగానే నడుం కొయ్యలా బిగుసుకుని, తిరిగితే వదులై, పడుకుంటే మళ్ళీ పట్టేస్తోందా, మూడు నెలలు దాటిందా, ఆ రిపోర్ట్ కన్నా ఇది చెప్పండి నాకు.

నన్నడిగితే అసలు పనికొచ్చేది రక్తపరీక్ష కూడా కాదు, మల పరీక్ష, ఫీకల్ కాల్‌ప్రొటెక్టిన్. డబ్బాలో పట్టుకెళ్ళాలంటే మనవాళ్ళకి మొహమాటం, కానీ మంట పేగులో ఉందా అన్నది సీఆర్‌పీ కన్నా అదే బాగా చెబుతుంది. మోకాలు, చీలమండ లాంటి పెద్ద కీళ్ళు ఒకటో రెండో వాచే రకం చాలావరకు పేగుతో పాటే రేగుతుంది, పేగు చల్లబడితే తగ్గుతుంది. వేళ్ళ కీళ్ళు చాలా వాచే రకానికి పేగుతో పొత్తు ఉండదు, దాని దారి దానిదే. ఆవిడకి కాల్‌ప్రొటెక్టిన్ బాగా ఎక్కువొచ్చింది, గ్యాస్ట్రో డాక్టర్ కొలొనోస్కోపీ చేసి కొలైటిస్ అన్నారు, దానికి మందు పడ్డాక మోకాలు కూడా దిగింది.

ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ లాంటి, రోగనిరోధక శక్తిని అణిచే ఇంజెక్షన్ల దాకా వెళ్తే ముందు టీబీ పరీక్ష తప్పనిసరి, మన దేశంలో పేగు టీబీ కూడా అచ్చం క్రోన్స్ లాగే కనపడుతుంది, అక్కడ పొరబడితే కష్టం.

ఆఁ, ఇందాక ఒకమ్మ అడిగారు, పరగడుపున వెళ్ళాలా అని. సీఆర్‌పీ, ఈఎస్ఆర్, బీ27కి అక్కర్లేదమ్మా, టిఫిన్ చేసే వెళ్ళండి.