ఏ వాయువైనా లెక్క ఒక్కటే

విద్యార్థులకూ ఉపాధ్యాయ మిత్రులకూ నమస్కారం.

ఒకే సైజు సీసాలు రెండున్నాయనుకుందాం. ఒకదాంట్లో హైడ్రోజన్, రెండోదాంట్లో ఆక్సిజన్. ఉష్ణోగ్రత, పీడనం రెండింటికీ సమానం. ఆక్సిజన్ అణువు హైడ్రోజన్ అణువుకి 16 రెట్లు బరువు. అయినా రెండు సీసాల్లోనూ అణువుల సంఖ్య ఒక్కటే. ఇటలీ శాస్త్రవేత్త అవగాడ్రో 1811లో చెప్పింది ఇదే. మనం పరీక్ష కోసం ఒక్క వాక్యంగా బట్టీ పట్టేస్తాం గానీ, ఆనాటి హేమాహేమీలు దీన్ని ఒప్పుకోలేదు.

వాళ్ల అభ్యంతరం తెలివితక్కువదేం కాదు. రెండు లీటర్ల హైడ్రోజన్, ఒక లీటరు ఆక్సిజన్ కలిస్తే రెండు లీటర్ల నీటి ఆవిరి వస్తుంది. వాయువులు ఇలా చిన్న పూర్ణాంకాల లెక్కలో కలుస్తాయని 1808లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త గేలుసాక్ చూపించాడు. సమాన ఘనపరిమాణంలో సమాన సంఖ్యే ఉంటే, ఒక లీటరులోని ఆక్సిజన్ రెండు లీటర్ల ఆవిరికి సరిపోవాలి. అంటే ఆవిరిలో ఒక్కో అణువుకి అర ఆక్సిజన్! పరమాణువుని సగం ఎలా చేస్తారని పరమాణు సిద్ధాంతం చెప్పిన ఇంగ్లండ్ శాస్త్రవేత్త డాల్టన్ ప్రశ్న. చీలేది పరమాణువు కాదు, అణువు అని అవగాడ్రో జవాబు. ఆక్సిజన్ పరమాణువులు జంటలుగా తిరుగుతాయి, ఆ జంటే ఒక అణువు; ఆ జంట విడిపోతుంది, అంతే. ఒకే రకం పరమాణువులు ఒకదాన్నొకటి ఎలా అంటిపెట్టుకుంటాయని స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ వర్గానికి మళ్లీ సందేహం. అలా ఏళ్లు గడిచాయి. 1856లో అవగాడ్రో చనిపోయాడు. 1860లో జర్మనీలోని కార్ల్స్‌రూహె రసాయన శాస్త్రవేత్తల సమావేశంలో ఇటలీకే చెందిన కనిజారో పట్టుబట్టి వాదించాకే గాలి ఇటు తిరిగింది.

అణువు సైజుతో నిమిత్తం లేకపోవడమేంటని మీకు అనిపించవచ్చు. నీరు మరిగి ఆవిరైతే సుమారు 1,600 రెట్లు చోటు ఆక్రమిస్తుంది. అణువులు అవే, పెరిగింది మధ్యనున్న ఖాళీ. ఇంత ఖాళీలో అణువు కాస్త పెద్దదైనా, చిన్నదైనా తేడా తెలియదు. బాగా ఒత్తి నొక్కితే మాత్రం తెలుస్తుంది, అప్పుడు నియమం సడలుతుంది. వంటగ్యాస్ సిలిండర్లో ఉన్నది చాలావరకు ద్రవం, దానికి ఈ లెక్క వర్తించనే వర్తించదు.

బయటికి లీకైన గ్యాస్‌కి వర్తిస్తుంది. లీటరుకి సంఖ్య సమానమైనప్పుడు, ఏ అణువు బరువైతే ఆ వాయువే బరువు. హైడ్రోజన్ పరమాణువు భారం సుమారు 1 అనుకుంటే, గాలి అణువు సగటు భారం 29. వంటగ్యాస్‌లోని ప్రొపేన్‌కి 44, బ్యూటేన్‌కి 58. అందుకే అది నేల మీద పరుచుకుంటుంది. హైదరాబాద్, విజయవాడల్లో కొన్ని ఇళ్లకు పైపుల్లో వచ్చేది ప్రధానంగా మీథేన్, దాని భారం 16, కాబట్టి పైకి లేస్తుంది. గ్యాస్ లీక్ అలారం సిలిండర్ వాడే ఇంట్లో నేలకి దగ్గరగా, పైపు గ్యాస్ ఇంట్లో సీలింగ్ దగ్గర పెట్టమనేది ఈ లెక్క ప్రకారమే.