అమ్మకానికి పెట్టిన ఇల్లు, గోడ మీద దొరికిపోయిన దొంగసొత్తు

అందరికీ నమస్కారం. ఈ వీడియోలో ఒక చిత్రపటం గురించి, దాన్ని పోగొట్టుకున్న కుటుంబం గురించి మాట్లాడుకుందాం.

2025 ఆగస్టు. అర్జెంటీనాలో మార్ డెల్ ప్లాటా అని సముద్రం ఒడ్డున ఒక నగరం. అక్కడ ఒక ఇల్లు అమ్మకానికి పెట్టారు. కొనేవాళ్లు చూసుకోవడానికి రియల్ ఎస్టేట్ సైట్‌లో గదుల ఫోటోలు ఎక్కించారు. వాటిలో హాలు ఫోటో ఒకటి. ఆకుపచ్చ సోఫా, దాని పైన గోడకి ఒక జమీందారీ ఇంటి ఆవిడ బొమ్మ. మామూలుగా అయితే మనం గది ఎంత పెద్దదో, వెలుతురు ఎలా వస్తుందో చూసి ముందుకు వెళ్లిపోతాం. కానీ నెదర్లాండ్స్‌లో ఆల్గెమేన్ దాగ్‌బ్లాడ్ అనే దినపత్రికలో పనిచేసే విలేకరులు ఆ బొమ్మ దగ్గరే ఆగిపోయారు. ఎందుకంటే అది రెండో ప్రపంచ యుద్ధం నుంచి కనిపించకుండా పోయిన చిత్రాల జాబితాలో ఉంది.

చిత్రం పేరు కౌంటెస్ కొల్లియోని. వేసింది జుసెప్పె గిస్లాండి అని రికార్డుల్లో ఉంది. ఇటలీలో బెర్గామో ఊరివాడు, 1655లో పుట్టి 1743లో పోయాడు. సన్యాసం తీసుకుని మఠంలో ఉంటూనే జీవితమంతా మనుషుల ముఖాలు గీశాడు. ఆ మఠం పేరు మీదే ఆయన్ని ఫ్రా గల్గారియో అంటారు. లియోనార్డో, రెంబ్రాంట్ లాగా ప్రపంచమంతా తెలిసిన పేరు కాదు. కానీ బెర్గామోలో ఆ కాలపు పెద్దింటివాళ్లు ఎలా కూర్చునేవాళ్లు, ఏం తొడుక్కునేవాళ్లు, ఎంత దర్పంగా చూసేవాళ్లు అన్నది ఆయన బొమ్మల్లో దొరికినంత బాగా ఇంకెక్కడా దొరకదని నా అభిప్రాయం.

మరి ఇటలీలో గీసిన బొమ్మ అర్జెంటీనాలో సోఫా పైకి ఎలా చేరింది? దానికి మనం 1940కి, ఆమ్‌స్టర్‌డామ్‌కి వెళ్లాలి.

అక్కడ జాక్ గౌడ్‌స్టికర్ అనే యూదు వ్యాపారి ఉండేవాడు. ఈ కౌంటెస్ బొమ్మ అప్పట్లో ఆయన దగ్గరే ఉండేది. పాత యూరప్ చిత్రాలు, అంటే ఓల్డ్ మాస్టర్స్ అంటామే, వాటిని కొని అమ్మడంలో ఆ రోజుల్లో యూరప్‌లోనే పేరున్న మనిషి. ఆమ్‌స్టర్‌డామ్‌లో హెరెన్‌గ్రాక్ట్ కాలువ ఒడ్డున ఆయన గ్యాలరీ ఉండేది. భార్య డెసీ ఒపేరా గాయని. పసివాడైన కొడుకు ఉన్నాడు.

1940 మే 10న హిట్లర్ సైన్యం నెదర్లాండ్స్ మీద పడింది. నాలుగు రోజులకి, మే 14న, గౌడ్‌స్టికర్ భార్యాబిడ్డలతో బోడెగ్రావెన్ అనే ఓడ ఎక్కగలిగాడు. గ్యాలరీ, ఇల్లు, చిత్రాలు అన్నీ వెనక ఉండిపోయాయి. ఓడ మీద బాంబులు పడతాయని దీపాలన్నీ ఆర్పేశారు. రాత్రి గాలి కోసమని డెక్ మీదికి వచ్చిన గౌడ్‌స్టికర్, చీకట్లో తెరిచి ఉన్న తలుపు కనపడక ఓడ అడుగుకి పడి మెడ విరిగి చనిపోయాడు. అప్పటికి వయసు 42. ఇంగ్లండ్‌లో ఫాల్మత్ అనే ఊళ్లో ఖననం చేశారు.

ఆయన జేబులో ఒక చిన్న నల్ల నోట్‌బుక్ దొరికింది. వెంట తీసుకెళ్లలేని చిత్రాలన్నీ అందులో రాసుకున్నాడు. 1,100కు పైగా చిత్రాలు, ఒక్కోదానికి నంబరు, ఎవరు వేశారు, ఏం బొమ్మ, ఎక్కడ కొన్నాడు, ఎంతకి కొన్నాడు. బాంబులు పడుతున్న దేశం నుంచి పసిబిడ్డతో పారిపోతున్న మనిషి, అంత గాభరాలో కూడా, ఆ నోట్‌బుక్ జేబులో పెట్టుకోవడం మర్చిపోలేదు. ఈ కథ మొత్తంలో నా మనసుకి బాగా తగిలింది ఇదే. ఆ నోట్‌బుక్కే గనక లేకపోతే ఈ వీడియో లేదు, ఆ కుటుంబానికి అడిగే ఆధారమూ లేదు.

గౌడ్‌స్టికర్ పోయిన కొన్ని వారాలకే నాజీల్లో రెండో పెద్ద తలకాయ హెర్మన్ గోరింగ్ స్వయంగా ఆమ్‌స్టర్‌డామ్ గ్యాలరీకి వచ్చాడు. చిత్రాల పిచ్చి ఉన్నవాడు. దోపిడీని ఎంత పద్ధతిగా చేశారో చూడండి. తుపాకీ పెట్టి ఎత్తుకుపోలేదు, కాగితాల మీద కొన్నారు! యజమాని చనిపోయాడు. భార్య ఒప్పుకోలేదు. గ్యాలరీ ఉద్యోగుల చేత సంతకాలు పెట్టించుకుని, మంచి మంచి చిత్రాలన్నీ గోరింగ్ తీసుకున్నాడు. గ్యాలరీ భవనం, వ్యాపారం, ఆఖరికి గౌడ్‌స్టికర్ పేరుతో సహా అలోయిస్ మీడ్ల్ అనే బ్యాంకర్ చేతికి వెళ్లాయి. యూదు వ్యాపారి దగ్గర కొట్టేసిన సరుకుని ఆ యూదు వ్యాపారి పేరు మీదే అమ్ముకున్నారు.

గోరింగ్ కింద ఆర్థిక వ్యవహారాలు చూసినవాళ్లలో ఫ్రీడ్రిక్ కాడ్గియన్ ఒకడు. యూదుల వజ్రాలు, ఆస్తులు లాగేసి నాజీ యుద్ధానికి డబ్బు సమకూర్చిన పనిలో ఇతని చెయ్యి ఉంది. 1945లో జర్మనీ ఓడిపోబోతోందని తెలియగానే స్విట్జర్లాండ్ వెళ్లిపోయాడు. అక్కడి నుంచి బ్రెజిల్, ఆపైన అర్జెంటీనా. అక్కడ వ్యాపారం పెట్టుకుని, పిల్లల్ని పెంచుకుని, 1970ల చివర్లో వయసు మీదపడి పోయాడు. ఒక్క రోజు కోర్టు బోను ఎక్కలేదు.

డచ్ విలేకరులు ఈ కాడ్గియన్ గురించి ఏళ్ల తరబడి తవ్వుతున్నారు. కౌంటెస్ చిత్రం పేరు యుద్ధకాలపు దస్త్రాల్లో ఇతని పేరుతో కలిసి కనిపిస్తుంది. మాట్లాడదామని ఇతని కూతుళ్లని చాలాసార్లు అడిగారు, వాళ్లు మాట్లాడలేదు. చివరికి ఒక విలేకరి మార్ డెల్ ప్లాటా ఇంటికే వెళ్లాడు. తలుపు తియ్యలేదు. బయట మాత్రం ఇల్లు అమ్మబడును అనే బోర్డు ఉంది. సరే, అమ్మకం ప్రకటన చూద్దామని నెట్‌లో వెతికితే, హాలు ఫోటోలో కౌంటెస్ నేరుగా కెమెరాలోకి చూస్తోంది. నెదర్లాండ్స్ సాంస్కృతిక వారసత్వ సంస్థ నిపుణులకి చూపిస్తే, ఇది నకలు అనుకోవడానికి కారణమేమీ కనిపించడం లేదన్నారు.

ఆగస్టు 25న పత్రికలో వార్త వచ్చింది. వెంటనే పోలీసులు సోదాకి వెళ్లారు. చిత్రం లేదు. అది ఉండాల్సిన గోడకి ఒక పెద్ద అల్లిక వస్త్రం వేలాడుతోంది. ప్రకటనలోని ఫోటో కూడా సైట్ నుంచి మాయమైంది. కుటుంబ సభ్యుల మిగతా ఇళ్లలో కూడా వెతికారు. కాడ్గియన్ కూతుర్ని, అల్లుణ్ని గృహనిర్బంధంలో పెట్టారు. సెప్టెంబర్ 3న వాళ్ల లాయరే చిత్రాన్ని తెచ్చి అధికారులకి అప్పగించాడు. మర్నాడు ఆ దంపతుల మీద దొంగసొత్తు దాచారనే అభియోగం నమోదైంది. అభియోగమే, నేరం రుజువైందని కాదు. వాళ్ల వైపు వాదన ఏమిటంటే, ఇది మాకు వారసత్వంగా వచ్చింది, పైగా చట్టం పెట్టిన గడువు ఎప్పుడో దాటిపోయింది అని.

ఈ గడువు వాదన మీద నా మాట సూటిగా చెబుతాను. నాకు అది అస్సలు మింగుడు పడదు. 80 ఏళ్ల పాటు వస్తువు ఎక్కడుందో తెలియకుండా దాచిపెట్టి, ఇప్పుడు "80 ఏళ్లు మీరు అడగలేదుగా" అంటే ఎలా? తండ్రి దగ్గర నుంచి వచ్చింది కాబట్టి నాదే అనుకోవడం మనిషి సహజం, ఒప్పుకుంటాను. తండ్రి చేసిన దానికి పిల్లల్ని దోషులుగా చూడకూడదు, అదీ నిజమే. కానీ వార్త వచ్చిన మర్నాటికి గోడ మీద బొమ్మ మారిపోయిందంటే, అది ఏమీ తెలియని అమాయకత్వం అని నేనైతే అనుకోలేను.

ఆ చిత్రాన్ని చూసిన అర్జెంటీనా నిపుణుడు దాని విలువ 50,000 డాలర్ల దగ్గర ఉండొచ్చన్నాడు. 2017లో లియోనార్డో పేరు మీద సాల్వతోర్ ముండి అనే చిత్రం 45 కోట్ల డాలర్లకి అమ్ముడుపోయింది కదా, దాని పక్కన ఇది లెక్కలోకి రాని మొత్తం. గౌడ్‌స్టికర్ కుటుంబానికి ఇది డబ్బు పోరాటం అనేవాళ్లు ఈ అంకె ఒకసారి చూడాలి.

ఇప్పుడు అసలు కోపం తెప్పించే భాగానికి వద్దాం. నాజీలు దోచారు, సరే, వాళ్లు నాజీలు. యుద్ధం అయ్యాక ఏం జరిగింది?

అమెరికా, బ్రిటన్ సైన్యాలు గోరింగ్ పోగేసిన చిత్రాల్ని పట్టుకుని, ఏ దేశం నుంచి పోయినవి ఆ దేశానికి తిరిగి పంపాయి. అలా గౌడ్‌స్టికర్ చిత్రాలు వందల్లో నెదర్లాండ్స్‌కి చేరాయి. అక్కడి ప్రభుత్వం వాటిని ఆయన భార్యకి ఇచ్చేయాలి కదా? ఇవ్వలేదు. అది బలవంతపు అమ్మకం కాదు, ఇష్టపూర్వకంగా జరిగిన వ్యాపారం అని అధికారులు వాదించారు. విసిగిపోయిన డెసీ 1952లో ప్రభుత్వంతో ఒక ఒప్పందానికి రావాల్సి వచ్చింది. చిత్రాలేమో జాతీయ సేకరణలోకి వెళ్లి, మ్యూజియం గోడలకి ఎక్కాయి. టికెట్ కొనుక్కుని జనం చూశారు.

1990ల్లో ఒక డచ్ విలేకరి ఈ పాత కాగితాలు తిరగేసి, గౌడ్‌స్టికర్ కోడలు మారే ఫాన్ సాహెర్‌కి విషయం చెప్పాడు. ఆవిడ అమెరికాలో ఉంటారు. అప్పటికి ఆవిడ భర్త, అంటే ఓడలో పసిబిడ్డగా ఉన్న ఆ కొడుకు, అత్తగారు డెసీ ఇద్దరూ చనిపోయారు. ఆవిడ అడిగితే 1998లో ప్రభుత్వం కుదరదు పొమ్మంది. కోర్టులు, కమిటీలు, మళ్లీ అర్జీలు. ఆఖరికి 2006లో 202 చిత్రాలు వెనక్కి ఇచ్చారు. యాన్ స్టేన్, సాలమన్ ఫాన్ రౌస్‌డాల్ లాంటి గొప్పవాళ్లవి అందులో ఉన్నాయి. 1940లో పోయినవి 2006లో వచ్చాయి. దొంగ దగ్గర ఉన్న కాలం ఐదేళ్లు, సొంత ప్రభుత్వం దగ్గర ఉన్న కాలం అరవై ఏళ్లు.

అన్నీ రాలేదు కూడా. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, పాసడీనాలో నార్టన్ సైమన్ మ్యూజియం ఉంది. అక్కడ లూకాస్ క్రానాక్ వేసిన ఆదాము, అవ్వ చిత్రాల జంట ఉంది. దాదాపు 1530 నాటివి, మనిషెత్తు ఉంటాయి. ఇవీ నల్ల నోట్‌బుక్‌లోవే, ఇవీ గోరింగ్ తీసుకున్నవే. యుద్ధం తర్వాత డచ్ ప్రభుత్వం వీటిని 1966లో ఇంకొకరికి ఇచ్చేసింది. ఆయన దగ్గర 1971లో మ్యూజియం కొన్నది. ఫాన్ సాహెర్ దావా వేశారు. పదేళ్లకు పైగా నడిచింది. ఒక విదేశీ ప్రభుత్వం అధికారికంగా చేసిన పనిని అమెరికా కోర్టు తిరగదోడకూడదు అన్న సూత్రం మీద 2018లో అప్పీలు కోర్టు మ్యూజియం వైపు తీర్పు ఇచ్చింది. 2019లో సుప్రీం కోర్టు కేసు వినడానికి ఒప్పుకోలేదు. గమనించండి, చిత్రాలు దోపిడీ సొత్తు అవునా కాదా అన్న మాట తేల్చే పని లేకుండానే కేసు ముగిసింది. న్యాయసూత్రం ప్రకారం సరే కావొచ్చు. నాకు మాత్రం ఆ తీర్పుతో ఏ తృప్తీ లేదు.

చిత్రం ఎవరిదో నిరూపించడం గురించి కొంచెం చెప్పాలి. మనం ఎప్పుడూ బొమ్మ ముందువైపే చూస్తాం. పరిశోధకులు ముందు దాన్ని తిప్పుతారు. కాన్వాస్ బిగించిన చెక్క మీద వేలం సంస్థల సుద్ద అంకెలు, కస్టమ్స్ ముద్రలు, గ్యాలరీల చీటీలు ఉంటాయి. గౌడ్‌స్టికర్ గ్యాలరీ చీటీ, దాని మీద నంబరు ఇప్పటికీ కొన్ని చిత్రాల వెనక అతుక్కుని ఉన్నాయి. ఆ నంబరు నోట్‌బుక్‌లోని నంబరుతో కలిస్తే ఇక వాదన అక్కర్లేదు. అందుకే దొంగసొత్తు అమ్మేవాళ్లు ముందుగా పీకేసేది ఆ చీటీనే. చీటీ పోయినచోట పాత ఫోటో పనికొస్తుంది. మార్ డెల్ ప్లాటా చిత్రాన్ని పట్టించింది అదే. పాత రికార్డుల్లో నలుపు తెలుపు ఫోటో ఉంది కాబట్టే పక్కన పెట్టి పోల్చగలిగారు.

ఇక్కడ మన ప్రకాశం జిల్లా మాట చెప్పకుండా ఉండలేను. గుండ్లకమ్మ నది దగ్గర చందవరంలో బౌద్ధ స్తూపం ఉంది. అక్కడి సున్నపురాయి శిల్పాలు దొంగల పాలయ్యాయి. వాటిలో బుద్ధుణ్ని పూజిస్తున్న భక్తుల శిల్పం ఒకటి, 3వ శతాబ్దానిది, న్యూయార్క్ మార్కెట్ మీదుగా ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరింది. 2005లో వాళ్లు డబ్బు పెట్టి కొన్నారు. అది చందవరంలో ఉండగా తీసిన పాత ఫోటోలు బయటికి వచ్చేసరికి ఇక తిరుగులేదు. 2016లో భారత్‌కి అప్పగించారు. అదే గ్యాలరీ 50 లక్షల డాలర్లు పెట్టి కొన్న తమిళనాడు శ్రీపురందాన్ నటరాజు విషయంలోనూ అంతే. పుదుచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఎప్పుడో తీసి భద్రపరిచిన ఫోటోలు సాక్ష్యంగా నిలబడ్డాయి, 2014లో స్వామి తిరిగి వచ్చాడు.

ఫోటో లేని విగ్రహం పోతే? ఎవరి గ్యాలరీలోనో అద్దాల వెనక కనిపించినా, ఇది మా ఊరిదే అని చెప్పడానికి మన చేతిలో కాగితం ముక్క ఉండదు. ఊళ్లో ముసలివాళ్ల జ్ఞాపకాన్ని విదేశీ కోర్టు సాక్ష్యంగా తీసుకోదు.

మీ ఊళ్లో పాత గుడి ఉంటే, శిథిలమైన మండపం ఉంటే, పొలం గట్టున వీరగల్లు ఉంటే, ఈ పని చేయండి. గర్భగుడిలో ఫోటోలు తీయకూడదన్న నియమం ఉన్నచోట పూజారిగారిని, గుడి కమిటీని అడిగి వాళ్ల అనుమతితోనే తీయండి. ముందు నుంచి ఒకటి, రెండు పక్కల నుంచి, వీలైతే వెనక నుంచి. పక్కన ఒక స్కేలు పెట్టండి, ఎత్తు తెలుస్తుంది. విరిగిన వేలు, పగిలిన అంచు, రాయిలో గీత ఉంటే వాటిని దగ్గరగా తీయండి. ఒకేలాంటి రెండు విగ్రహాల్ని వేరు చేసేది ఆ దెబ్బలే. తేదీ, ఊరు, మండలం రాసి పెట్టండి. ఒక కాపీ గుడి కమిటీ దగ్గర, ఒక కాపీ మీ దగ్గర, ఇంకొకటి రాష్ట్ర పురావస్తు శాఖకి. మీ ఊరి ఫోటోలు ఇప్పటికే ఎవరి దగ్గరైనా ఉంటే, ఎప్పటివో, ఎవరు తీశారో కింద కామెంట్లలో రాయండి.