ఇంట్లో బాడీ వాష్: చేసేది సబ్బా, సబ్బు కానిదా?

అందరికీ నమస్కారం.

బాడీ వాష్ ఇంట్లో చేసుకుందామనుకోగానే ఏ నూనె మంచిది, ఏ వాసన బాగుంటుంది అనే ఆలోచన వస్తుంది. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీరు చేయబోయేది సబ్బా, సబ్బు కానిదా? రెండూ నురగొస్తాయి, రెండూ జిడ్డు వదిలిస్తాయి, సీసాలో పోస్తే చూడటానికి ఒకలాగే ఉంటాయి. కానీ మొదటిది క్షారం, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత, 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) 9 నుంచి 10 మధ్య ఉంటేనే అది సబ్బుగా నిలుస్తుంది. రెండోదాన్ని చర్మానికి దగ్గరగా, పీహెచ్ 5 దగ్గరకు తేవచ్చు. ఒకదానికి పనికొచ్చే చిట్కా రెండోదాన్ని చెడగొడుతుంది. ఇంట్లో చేసింది విరిగిపోయిందన్నా, వాసనొచ్చిందన్నా చాలాసార్లు కారణం ఈ రెండు పద్ధతుల్నీ ఒకే గిన్నెలో కలిపేయడమే.

బాగా ప్రచారంలో ఉన్న ఒక వంటకం చూడండి. ఆలివ్ నూనెతో చేసిన ద్రవ సబ్బు ఒక కప్పు, రెండు చెంచాల తేనె, చెంచా బాదం నూనె, కొంచెం నిమ్మరసం. సబ్బులో నిమ్మరసం పడ్డ చోట ముందు తెల్లటి పొగలాంటిది కమ్ముకుంటుంది. కలుపుతూ పోతే విరిగిన పాలలా పలుకులు తేలతాయి. ద్రవ సబ్బంటే కొవ్వు ఆమ్లాల పొటాషియం లవణం. బయటి నుంచి ఆమ్లం పడగానే అది పొటాషియాన్ని లాక్కుంటుంది, కొవ్వు ఆమ్లం ఒంటరిగా మిగిలి పైకి తేలుతుంది. అంటే ఎంతో కష్టపడి సబ్బు చేసిన పనిని ఒక నిమ్మచెక్క వెనక్కి తిప్పేస్తుంది. బాదం నూనె మర్నాటికి పైన పొరగా నిలబడుతుంది, నురగను కూడా చంపేస్తుంది. తేనె సూక్ష్మజీవులకు మేత. ఇన్ని కలిపి చేసినదానికన్నా ఆ సబ్బును ఉత్తిగా వాడుకోవడమే నయం. ఆమ్లంలో సబ్బు ఇలా విరిగిపోతుంది కాబట్టి, పీహెచ్ 5.5 ఉన్న సబ్బు అని ఎవరైనా చెబితే, అది సబ్బు కాదు, లేదా పీహెచ్ అది కాదు.

ముందు సబ్బు దారి చూద్దాం. గట్టి సబ్బుకు కాస్టిక్ సోడా వాడతారు, ద్రవ సబ్బుకు కాస్టిక్ పొటాష్ (పొటాషియం హైడ్రాక్సైడ్). సోడియం సబ్బు బిళ్ల కడుతుంది, పొటాషియం సబ్బు మెత్తగా ఉండి నీళ్లలో తేలిగ్గా కరుగుతుంది. గట్టి సబ్బును తురిమి వేడి నీళ్లలో కరిగిస్తే బాడీ వాష్ అవుతుందని చెబుతుంటారు. వేడిగా ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, చల్లారాక జిగురుగా, ముక్కు చీమిడిలా తీగలు సాగుతుంది. అది మీ చేతి లోపం కాదు, సోడియం సబ్బు తత్వమే అంత.

అర కిలో నూనెలతో లెక్క వేద్దాం. ఆలివ్ నూనె 300 గ్రాములు, కొబ్బరి నూనె 150, ఆముదం 50. ప్రతి నూనెకూ సబ్బుగా మారడానికి ఎంత క్షారం కావాలో ఒక సంఖ్య ఉంటుంది, దాన్నే సపోనిఫికేషన్ విలువ అంటారు. గ్రాము కొబ్బరి నూనెకు సుమారు 0.257 గ్రాముల కాస్టిక్ పొటాష్ కావాలి, ఆలివ్‌కు 0.190, ఆముదానికి 0.180. గుణించి కలిపితే 104.5 గ్రాములు. క్షారం మిగిలిపోకుండా 3 శాతం తగ్గిస్తే 101.4. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. దొరికే కాస్టిక్ పొటాష్ నూటికి నూరుపాళ్లు స్వచ్ఛం కాదు, గాలిలో తేమను పీల్చుకుని ఉంటుంది, సాధారణంగా 90 శాతం. డబ్బా మీద ఎంత ఉందో చూసి, 101.4ను 0.9తో భాగించండి. 112.7 వస్తుంది, 112 తూచుకోండి. ఈ భాగహారం మరిచిపోతే పదో వంతు క్షారం తగ్గి, నూనె మిగిలి, సబ్బు ఎన్నటికీ తేటపడదు. గట్టి సబ్బు లెక్కలోని కాస్టిక్ సోడా సంఖ్యలు మాత్రమే మీ దగ్గరుంటే వాటిని 1.403తో గుణించుకోవచ్చు. చెంచాలూ కప్పులూ ఇక్కడ చెల్లవు. గ్రాము తేడా చూపించే తూకం ఉండాల్సిందే.

బిళ్ల సబ్బులో నూనె 5, 8 శాతం మిగిల్చినా ఏమీ కాదు, సబ్బులోనే చిక్కుకుని ఉంటుంది. ద్రవంలో దానికి దాక్కునే చోటు లేదు, 3 శాతం దాటితే మబ్బుగా మారి పైకి తేలుతుంది. చర్మానికి మేలని ఎక్కువ నూనె వదలబోయి బోల్తా పడేది ఇక్కడే.

నీళ్లు క్షారానికి మూడు రెట్లు, అంటే 340 గ్రాములు. డిస్టిల్డ్ వాటర్ వాడండి. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని తెట్టు కడతాయి. పొటాష్‌ను నీళ్లలో వేయాలి, పొటాష్ మీద నీళ్లు పోయకూడదు. పోస్తే ఒక్కసారిగా మరిగి ఎగజిమ్ముతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. అల్యూమినియం గిన్నె అసలు వద్దు, క్షారం దాన్ని తినేస్తూ హైడ్రోజన్ వాయువు వదులుతుంది. స్టీలుదో, వేడికి ఆగే పాలీప్రొపిలీన్ పాత్రో వాడండి. ఒంటిమీద చిందితే వెనిగర్ కోసం వెతక్కండి, ధారగా నీళ్లు పోస్తూ పదిహేను నిమిషాలు కడగండి. కంట్లో పడితే కూడా అంతే, కడిగిన వెంటనే డాక్టర్ దగ్గరకు.

నూనెలు 70 డిగ్రీల దాకా వేడెక్కాక క్షార ద్రావణాన్ని సన్నగా పోసి, హ్యాండ్ బ్లెండర్‌తో రెండు నిమిషాలు తిప్పి, రెండు నిమిషాలు ఆపి, మళ్లీ తిప్పండి. కాసేపటి వరకు ఏమీ జరగనట్టే ఉంటుంది. నూనె పైకి, క్షారం కిందికి విడిపోతుంటే పాడైందనుకుని పారబోస్తారు కొందరు. ఓపిక పట్టండి. ముందు మజ్జిగలా, తర్వాత పెరుగులా, ఆ తర్వాత అకస్మాత్తుగా ఉడికించి మెదిపిన బంగాళాదుంప ముద్దలా గట్టిపడి బ్లెండర్‌ను పట్టేసుకుంటుంది. అక్కడితో బ్లెండర్ పక్కన పెట్టి, గిన్నెను మరిగే నీళ్ల పాత్రలో ఉంచి, మూత పెట్టి, అరగంటకోసారి గట్టి గరిటెతో తిరగేయండి. రెండు నుంచి నాలుగు గంటల్లో తెల్లటి ముద్ద మెల్లగా పారదర్శకమై వాజెలిన్‌లా కనిపిస్తుంది.

ఉడికిందో లేదో కంటితో తేల్చొద్దు. 10 గ్రాముల ముద్దను 20 గ్రాముల వేడి డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి గాజు గ్లాసులో చల్లారనివ్వండి. గ్లాసు వెనక అచ్చు కాగితం పెడితే అక్షరాలు చదవగలగాలి. కాస్త పొగమంచులా ఉన్నా అక్షరాలు తెలుస్తుంటే సరే. పాలలా తెల్లగా ఉంటే నూనె ఇంకా మిగిలింది, మరో గంట ఉడకనివ్వండి. రెండు గంటలు పెంచినా అలాగే ఉంటే తూకంలో పొరపాటు జరిగిందని అర్థం. తర్వాత రెండు చుక్కల ఫినాఫ్తలీన్ (క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే ద్రావణం) వేసి చూడండి, చిక్కటి గులాబీ రంగు వస్తే క్షారం మిగిలింది. లేత గులాబీ ఛాయ వస్తే భయం లేదు, సబ్బు స్వతహాగా క్షారమే కదా.

అలా వచ్చిన 950 గ్రాముల ముద్దను అంతే బరువు వేడి నీళ్లలో వేసి, ముక్కలుగా చిదిమి, మూత పెట్టి రాత్రంతా వదిలేయండి. తెల్లారి పైన మీగడలాంటి పొర కడితే నీళ్లు చాలలేదు, 50 గ్రాములు పోసి మళ్లీ వేడి చేయండి. పోసిన నీళ్లు వెనక్కి తీయలేం, అందుకని కొద్దికొద్దిగానే. ఇది పలుచగా ఉంటే కంగారు పడక్కర్లేదు. నురగ తీసే పంపు సీసాలో పోస్తే పలుచనే మేలు. చిక్కగానే కావాలంటే ఆలివ్ లాంటి నూనెలు ఎక్కువున్న సబ్బుకు 20 శాతం గాఢత ఉన్న ఉప్పునీళ్లు చుక్కచుక్కగా కలపవచ్చు. ఒక హద్దు దాకా చిక్కబడుతుంది, దాటితే సబ్బు విరిగి విడిపోతుంది. కొబ్బరి నూనె ఎక్కువున్న సబ్బు ఉప్పుకు లొంగదు.

మధ్యలో చిన్న సంగతి. పొటాషియం అనే పేరు ఇంగ్లీషు పొటాష్ నుంచి, అంటే కుండలో కాచిన బూడిద నుంచి వచ్చింది. హంఫ్రీ డేవీ 1807లో కాస్టిక్ పొటాష్‌లోకి విద్యుత్తు పంపి ఆ లోహాన్ని విడదీశాడు. అంతకు ఎంతో ముందు నుంచే కట్టెల బూడిద నీళ్లతో మెత్తటి సబ్బు చేసుకునేవారు. ఇప్పుడు బూడిద నీళ్లతో చేద్దామని మాత్రం దిగకండి. అందులో క్షారం ఎంతుందో తూచలేం.

ఇక రెండో దారి. ఇందులో కాస్టిక్ పనే లేదు. కొబ్బరి కొవ్వు నుంచి, పిండి పదార్థాల గ్లూకోజ్ నుంచి ఫ్యాక్టరీలో తయారయ్యే డెసైల్ గ్లూకోసైడ్, దానికి తోడు కోకో బీటైన్. సబ్బు కాకుండానే నురగనిచ్చి జిడ్డు వదిలించేవి ఇవే. ఇది సహజమెలా అవుతుందని అడుగుతారు. కాస్టిక్ పొటాష్ కూడా ఫ్యాక్టరీదే. గీత ఎక్కడ గీసుకుంటారో మీ ఇష్టం, కానీ సబ్బు పడని పొడి చర్మానికి నేను ఈ దారే సూచిస్తాను.

అర కిలోకు నీళ్లు 295 గ్రాములు, డెసైల్ గ్లూకోసైడ్ 100, కోకో బీటైన్ 75, గ్లిసరిన్ 15, చిక్కదనానికి జాంథన్ గమ్ 5, సోడియం బెంజోయేట్ 2.5, పొటాషియం సార్బేట్ 1.5, సుగంధ తైలం 2.5, మిగతాది సిట్రిక్ యాసిడ్ ద్రావణం. ముందు పాడవకుండా కాపాడే ప్రిజర్వేటివ్‌లు బెంజోయేట్, సార్బేట్ నీళ్లలో కరిగించండి. జాంథన్ గమ్‌ను నేరుగా నీళ్లలో చల్లితే పైన తడిసి లోపల పొడిగా ఉండే ఉండలు కడుతుంది, వాటిని విడదీయడం ఎవరివల్లా కాదు. అందుకే గ్లిసరిన్‌లో రంగరించి, ఆ ముద్దను నీళ్లలో కలిపి ఇరవై నిమిషాలు నాననివ్వండి. సుగంధ తైలాన్ని వేరే గిన్నెలో డెసైల్ గ్లూకోసైడ్‌లో కలిపి, బీటైన్ చేర్చి, రెండు గిన్నెల్లోవీ చెంచాతో నింపాదిగా కలపండి. ఇక్కడ బ్లెండర్ వాడితే గిన్నెడు నురగ తప్ప ఏమీ మిగలదు.

చివర్న పీహెచ్. డెసైల్ గ్లూకోసైడ్ వచ్చేటప్పుడే గట్టి క్షారంగా, 11 దాటి ఉంటుంది. సిట్రిక్ యాసిడ్‌ను సమాన బరువు నీళ్లలో కరిగించి, చుక్కలుగా వేసి కలుపుతూ, పీహెచ్ పట్టీతో చూసుకుంటూ 5కు తీసుకురండి. ఒక్కసారి గుమ్మరిస్తే ఆ చోట బెంజోయిక్ యాసిడ్ తెల్లటి పలుకులుగా దిగుతుంది. ఈ అంకె మీద ఎందుకింత పట్టు అంటే, బెంజోయేట్ సూక్ష్మజీవుల మీద పనిచేసేది ఆమ్ల రూపంలోనే. పీహెచ్ 5 దగ్గర అందులో సుమారు 14 శాతం ఆ రూపంలో ఉంటుంది. 6 దగ్గర 2 శాతం కూడా ఉండదు. 9 దగ్గర లేనట్టే. అందుకే ఇదే ప్రిజర్వేటివ్‌ను సబ్బులో వేస్తే ఉత్తి దండగ. సబ్బును చిక్కగా ఉంచి, తేనె, కలబంద గుజ్జు లాంటివి కలపకపోతే దాని క్షారత్వమే చాలావరకు కాపాడుతుంది. బాగా పలుచన చేస్తే ఫినాక్సీఇథనాల్ ఆధారిత ప్రిజర్వేటివ్ వాడాలి, మొత్తం బరువులో ఫినాక్సీఇథనాల్ 1 శాతం మించకుండా.

విటమిన్ ఇ ప్రిజర్వేటివ్ కాదు. నూనె పాత వాసన రాకుండా కొంత అడ్డుకుంటుంది, బ్యాక్టీరియాను ఏమీ చేయదు. సుగంధ తైలాలూ అంతే, వేసే మోతాదులో కాపాడలేవు, కాపాడేంత వేస్తే చర్మం మండుతుంది. దాల్చినచెక్క, లవంగం తైలాలు ఒంటికి వాడే వాటిలో వేయకపోవడం మంచిది.

కుంకుడుకాయల సంగతి కూడా చెప్పాలి. వాటిలోని శాపోనిన్లు నిజంగానే నురగొస్తాయి, కాచిన నీళ్లు ఆమ్లం వైపే ఉంటాయి. 50 గ్రాముల పెంకుల్ని గింజలు తీసి అర లీటరు నీళ్లలో ఇరవై నిమిషాలు కాచి వడకట్టుకోండి. కంట్లో పడితే బాగా మండుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపు వాడేయాలి, పుల్లటి వాసన వస్తే ముందే పారబోయాలి. బయట ఉంచితే రెండు మూడు రోజులే. మిగిలింది ఐస్ ట్రేలో గడ్డకట్టించుకుంటే ఒక్కో గడ్డ ఒక్కో స్నానానికి సరిపోతుంది.

ఏది చేసినా, ముందు మోచేతి లోపలి వైపు కాస్త రాసి కడిగి ఒక రోజు చూడండి. సీసా మీద తేదీ రాయండి. రంగు మారినా, పలుచబడినా, వాసన తేడా వచ్చినా పారబోయండి. సీసా అడుగంటినప్పుడు నీళ్లు పోసి గిలకొట్టి ఇంకో వారం వాడుకునే అలవాటు మనందరికీ ఉన్నదే. ఆ నీళ్లతో ప్రిజర్వేటివ్ పలచబడుతుంది, పీహెచ్ మారుతుంది, కుళాయి నీళ్లతో పాటు కొత్త బ్యాక్టీరియా లోపలికి వస్తుంది. అలా కడిగిన నీళ్లను ఆ పూటే వాడేసి, సీసాను వేడినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే మళ్లీ నింపండి.