గుంటలో తెల్లవారుజాము, పగడం మీద తెల్లవారుజాము

(కావలిలో డిగ్రీ విద్యార్థులు, రొయ్యల రైతుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పగడపు దిబ్బల గురించి మాట్లాడతానంటే రైతుల్లో ఒకాయన "అవి మనకెందుకు సార్?" అన్నారు. పగడానికి నీటి కదలిక ఎందుకు కావాలో ఈ హాల్లో అందరికంటే త్వరగా పట్టుకునేది మీ రైతులే, చూడండి.

ఇసకపల్లి దగ్గర మా నాన్నకు రొయ్యల గుంట ఉండేది. ఓ రాత్రి రెండింటికి కరెంటు పోయింది. జనరేటర్ మొండికేసింది. నాలుగింటికి టార్చి వేసి చూస్తే రొయ్యలు గట్టు వారకొచ్చి, మీసాలు పైకెత్తి తేలుతున్నాయి. గుంట నిండా నీళ్లున్నాయి, మేత ఉంది. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ చక్రాలే తిరగడం లేదు. పగలంతా ఆక్సిజన్ ఇచ్చిన నాచే రాత్రి రొయ్యతో పోటీపడి దాన్ని పీల్చేసింది. ఆ పంట ఏమైందో మీకు చెప్పక్కర్లేదు.

పగడం మీద ఇది రోజూ జరుగుతుంది. కాకపోతే మీ గుంట ఎకరాల్లో ఉంటే, దాని గుంట ఒంటికి అంటుకున్న నీటి పొరే, మందం మిల్లీమీటరు.

పగడం ఓ జంతువు. కుజుడి కోసం ఉంగరంలో పెట్టుకునే ఎర్ర పగడం వేరు. మధ్యధరా సముద్రంలో దొరికే ఆ జాతి ఇలాంటి దిబ్బలు కట్టదు. దిబ్బలు కట్టే పగడాల ఒంట్లో సూక్ష్మమైన నాచు కాపురముంటుంది. తిండిలో చాలా భాగం అదే పెడుతుంది, రంగు కూడా చాలావరకు దానిదే. పగడం కదల్లేదు కాబట్టి కావలసినవన్నీ నీళ్లే తెచ్చివ్వాలి, వద్దన్నవి నీళ్లే తీసుకుపోవాలి.

ఈ రెండు గ్లాసులూ చూడండి. రెంటిలోనూ ఒకే సైజు పటికబెల్లం ముక్క వేశాను. బాబూ, నువ్వు కుడివైపుది మెల్లగా తిప్పుతూ ఉండు. ఎడమవైపుది ముట్టుకోవద్దు. ఎడమ గ్లాసులో ముక్క చుట్టూ చిక్కటి తీపి నీళ్లు అంటుకుని, లోపలిది కరగకుండా అడ్డుపడతాయి. పగడం ఒంటికీ అలాంటి కదలని నీటి పొర ఒకటి అంటుకుని ఉంటుంది. మధ్యాహ్నం ఆ పొరలో ఆక్సిజన్ పట్టనంత పేరుకుపోతుంది, రాత్రి దాదాపు అడుగంటుతుంది. పైన అల ఎంత ఎగసినా, ఆ పొర పలచబడితేనే పగడానికి లాభం. దిబ్బ మీద నీటి కదలికను కొలవడానికి పరిశోధకులు కూడా ఇదే ఉపాయం వాడతారు. ప్లాస్టర్ ముక్కలు కట్టి వచ్చి, ఎంత కరిగిందో తూకం వేస్తారు.

పగడం మరీ చేతులు ముడుచుకుని కూర్చోదు. ఒంటినిండా ఉన్న సన్నటి నూగుతో నీటిని చిన్న చిన్న సుడులుగా తిప్పుకుంటుందని 2014లో మైక్రోస్కోప్ కింద చూశారు. సొంత ఏరియేటర్ అన్నమాట! చిన్నదే, కరెంటు బిల్లు రాదు.

అసలు పరీక్ష ఎండల్లో. నీళ్లు మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలుంటే చాలు, లోపలి నాచు పని తప్పి విషం లాంటి ఆక్సిజన్ రకాలను వదులుతుంది. పగడం ఆ నాచును బయటికి తోసేసి తెల్లబారుతుంది. 1998లో ప్రపంచమంతటా అలా జరిగింది. అప్పుడు కొన్ని బతికి కొన్ని ఎందుకు చచ్చాయని జపాన్‌లోని ఒకినావాలో నకమురా, వాన్ వోసిక్ అనే ఇద్దరు ఆరా తీశారు. ఒకే జాతి పగడాలను ఒకే వేడిలో, ఒకే ఎండలో ఉంచారు. సెకనుకు 2–3 సెంటీమీటర్లు మాత్రమే నీళ్లు కదిలినచోట చాలా చచ్చిపోయాయి. 50–70 సెంటీమీటర్లు పారినచోట తట్టుకున్నాయి. రైతు ఏరియేటర్ వేసేది ఆక్సిజన్ కోసం. ఎండవేళ పగడానికి కావలసింది తద్విరుద్ధం, ఎక్కువైనదాన్ని కడిగేసే నీళ్లు.

ఇంకో ఉదాహరణ మన బంగాళాఖాతం అవతలి గట్టుది. నికోబార్ దగ్గర సముద్రం అడుగున గట్లున్నాయి. పోటుపాట్ల నీళ్లు వాటి మీదుగా దొర్లినప్పుడు లోపల్లోపల పెద్ద అలలు పుడతాయి, పైన చూసేవాడికి అంతగా తెలియవు. అవి థాయ్‌లాండ్ సిమిలాన్ దీవుల పడమటి వైపు తగిలి, లోతులోని చల్లటి నీళ్లను పైకి ఎగదోస్తాయి. 2010 ఎండలకు ఆ వైపు పగడాలు, నీళ్లు నిమ్మళంగా ఉన్న తూర్పు వైపు వాటికంటే బాగా తట్టుకున్నాయి.

మరి మన తుమ్మలపెంట తీరంలో అలలకు కొదవా? పగడపు దిబ్బ ఎందుకు లేదు? అడుగున ఇసుక, బురద. పగడం పిల్ల అతుక్కోవడానికి గట్టి రాయి కావాలి. ఊటుకూరు దగ్గర పెన్నమ్మ తెచ్చే మట్టి ఉండనే ఉంది. పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరం వెంట దక్షిణంగా పారే నీళ్లు గోదావరి, కృష్ణల వరదను, ఇంకా పైనున్న గంగ నీళ్లను కలుపుకుని ఉప్పదనం తగ్గి వస్తాయి. దిబ్బలు చూడాలంటే తమిళనాడులోని మండపం ఊరు దాటి మన్నార్ సింధుశాఖకు వెళ్లాలి, రామేశ్వరం, తూత్తుకుడి మధ్య 21 దీవులున్నాయక్కడ.

బాబూ, ఇక తిప్పడం ఆపు. ఏదీ, పైకెత్తి చూపించు అందరికీ. కుడి గ్లాసులో ముక్క శనగ గింజంత మిగిలింది. ఎడమది ఇంకా ముక్కలాగే ఉంది.

టీ వచ్చేలోపు ప్రశ్నలు అడగండి. కరెంటు బిల్లు గురించి మాత్రం నన్నడక్కండి.