బెంగళూరు నుంచి ఢిల్లీ దాకా కారులో, జనవరి చలిలో: మా ఎన్‌హెచ్ 44 రివ్యూ

నమస్కారం అండి. పోయిన వారమే తిరిగొచ్చాం. ఆ ప్రయాణం ఇంకా కళ్లముందు ఉండగానే ఈ వీడియో చేసేద్దామని కూర్చున్నాను.

కాలేజీ మళ్లీ తెరవడానికి పది రోజులు ఉందనగా, మా ఫ్రెండ్ వాళ్ల అన్నయ్యకి ఢిల్లీకి ట్రాన్స్‌ఫర్ అయింది. ఆయన ముందు వెళ్లిపోయారు, కారు ఇక్కడే ఉండిపోయింది. లారీ మీద ఎక్కించి పంపాలని ఇంట్లో మాట్లాడుకుంటుంటే, "వద్దు అన్నయ్యా, మేమిద్దరం నడుపుకుంటూ తెచ్చిస్తాం" అని మావాడు ఫోన్‌లో మాటిచ్చేశాడు. సాయంత్రం మారతహళ్లిలో నా పీజీకి వచ్చి, "బ్యాగు సర్దుకోరా" అన్నాడు. అంతే.

కాబట్టి ఈ రివ్యూ కారు గురించి కాదు, రోడ్డు గురించి. ఎన్‌హెచ్ 44. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా వెళ్లే, మన దేశంలో అన్నిటికంటే పొడవైన జాతీయ రహదారి. మన హెబ్బాళ్ దగ్గర ఎక్కితే ఢిల్లీ దాకా దాదాపు ఇదే రోడ్డు, సుమారు 2,150 కిలోమీటర్లు. ఒక్క మాట ముందే చెప్పేస్తాను. జనవరిలో వెళ్లేవాళ్లకి ఇది ఒక రోడ్డు కాదు, రెండు రోడ్లు. నాగ్‌పూర్ దాకా ఎంత తెల్లవారుజామున బయల్దేరితే అంత మంచిది. ఝాన్సీ దాటాక ఎంత ఆలస్యంగా బయల్దేరితే అంత మంచిది. మాకు ఇది ఎవరూ చెప్పలేదు.

మొదటి రోజు నాలుగున్నరకి హెబ్బాళ్ ఫ్లైఓవర్ ఖాళీగా ఉంది. దేవనహళ్లి, చిక్కబళ్లాపూర్, బాగేపల్లి దాటి ఆంధ్రలోకి వచ్చేసరికి ఇంకా చీకటే. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర పక్కకి తిరిగితే లేపాక్షి వస్తుంది. మేము ఇదివరకే చూశాం కాబట్టి ఆగలేదు. మీరు చూడకపోతే తప్పకుండా ఆగండి, ఒక్క రాతిలో మలిచిన ఆ నంది కోసమైనా.

గుత్తి దగ్గర రోడ్డు పక్క చిన్న హోటల్లో ఉగ్గాని బజ్జీ తిన్నాం. నానబెట్టి పిండిన బొరుగులకి తాలింపు, పైన పుట్నాల పొడి, పక్కన పొడుగాటి మిరపకాయ బజ్జీ. బజ్జీ తుంచితే ఆవిరి వచ్చింది. ఢిల్లీ దాకా నాలుగైదు రాష్ట్రాల టిఫిన్లు తిన్నాను, నా మటుకు నాకు ఇదే మొదటి స్థానం. ఆ రాత్రి హైదరాబాద్‌లో మా పిన్ని వాళ్లింట్లో పడుకున్నాం.

మావాడికి ఒక అలవాటు ఉంది. "నదికి దణ్ణం పెట్టకుండా దాటొద్దురా" అని వాళ్ల నాయనమ్మ చిన్నప్పుడు చెప్పిందట. కర్నూలు దగ్గర తుంగభద్ర, బీచుపల్లి దగ్గర కృష్ణ, మర్నాడు నిర్మల్‌కి ముందు సోన్ దగ్గర గోదావరి, ఆదిలాబాద్ దాటాక పెన్‌గంగ. ప్రతి వంతెన మీదా చేతులు జోడించేవాడు. తను స్టీరింగ్ పట్టుకుంటే, "నువ్వు పెట్టరా నా బదులు" అనేవాడు. రెండో రోజుకల్లా వంతెన కనపడగానే నా చేతులు వాటంతటవే లేచేవి.

మూడో రోజు నాగ్‌పూర్ నుంచి సివనీ వైపు పెంచ్ అడవి. ఈ ముక్క గురించి కాస్త నెమ్మదిగా చెప్పాలి. అక్కడ రోడ్డుని స్తంభాల మీద పైకి లేపారు. జంతువులు కింద నుంచి తమ దారిన తాము పోతాయి. మహారాష్ట్ర వైపు ఇలాంటివి చాలానే కట్టారు, వాటిలో పెద్దది 750 మీటర్లు. పులులు వాటి కిందుగా వెళ్లడం కెమెరాల్లో కూడా రికార్డయింది. మధ్యప్రదేశ్ వైపు వచ్చాక రోడ్డు అంచున గోడల్లాంటి తెరలు ఉంటాయి. బండ్ల శబ్దం, హెడ్‌లైట్ల వెలుగు అడవిలోకి పోకుండా అన్నమాట. మేము ఒక్క జంతువునీ చూడలేదు. అయినా మన టైర్ల కింద ఒక అడవి తన పనిలో తను ఉందని తెలిసి నడపడం నాకు గొప్పగా అనిపించింది. దేశంలో అడవి మధ్యగా పోయే ప్రతి రోడ్డూ ఇలా ఉండాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

నరసింగ్‌పూర్ దాటాక నర్మద. సాగర్, లలిత్‌పూర్ మీదుగా రాత్రికి ఓర్ఛా చేరాం. ఝాన్సీకి దగ్గరే. మర్నాడు మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాం. అక్కడి గుడిలో రాముడిని దేవుడిగానే కాదు, రాజుగా కూడా కొలుస్తారు. బేత్వా నది ఒడ్డున పాత రాజుల ఛత్రీలు, అంటే స్మారక మండపాలు, చల్లటి నీళ్లు. సాయంత్రానికి గ్వాలియర్.

ఇక ఐదో రోజు. మేము చేసిన తప్పు ఇదే. బెంగళూరు అలవాటు కొద్దీ తెల్లవారుజామున ఐదింటికి గ్వాలియర్ నుంచి బయల్దేరాం. కారులో మీటరు 6 డిగ్రీలు చూపిస్తోంది. ఊరు దాటిన పావుగంటకి పొగమంచు మొదలైంది. ముందు పల్చగా, తర్వాత ఒక్కసారిగా. రోడ్డు మధ్య తెల్ల గీతల్లో మూడే కనపడుతున్నాయి, తర్వాత రెండు. నేను భయపడి హైబీమ్ వేశాను. ఎదురుగా తెల్ల గోడ కట్టినట్టయింది. మంచు బిందువులు వెలుగుని తిరిగి మన కళ్లలోకే కొడతాయి, అందుకే లోబీమ్‌లో ఉండాలి. ఫాగ్ ల్యాంపులు కిందుగా పెట్టేదీ అందుకే. లోపల అద్దం మసకబారితే ఏసీ వేయండి, చలిలో కూడా. గాలిలో తడిని అది లాగేస్తుంది.

మావాడు కిటికీ దించి, తల బయట పెట్టి ఎడమ అంచు గీతనే చూస్తూ, "కొంచెం కుడికి... చాలు... మెల్లగా" అంటున్నాడు. ఉన్నట్టుండి "ఆపరా!" అని అరిచాడు. పది అడుగుల దూరంలో ట్రాక్టర్ ట్రాలీ, వెనక ఒక్క లైటు లేదు. ఇరవై స్పీడులో ఉన్నాం కాబట్టి ఆగింది. నలభైలో ఉంటే ఈ వీడియో ఉండేది కాదు.

ముందు పెట్రోల్ బంకు కనపడగానే లోపలికి తిప్పేశాం. గుర్తుంచుకోండి, ఇలాంటప్పుడు రోడ్డు అంచున ఆపకూడదు. వెనకొచ్చేవాళ్లు మన లైట్లు చూసి, అదే దారి అనుకుని వచ్చి గుద్దేస్తారు. బంకులో పనిచేసే పెద్దాయన మట్టి కప్పుల్లో టీ ఇచ్చి, "దస్ బజే నికల్నా బేటా" అన్నారు. పదింటికి వెళ్లండి అని. మబ్బులేని, గాలిలేని రాత్రుల్లో నేల చల్లబడిపోయి, గాలిలో తేమ అక్కడికక్కడే మంచు అయిపోతుంది. ఎండ నేలకి తగిలితేనే అది విడిపోయేది. నిజంగానే తొమ్మిదీ నలభై ఐదుకి తెర తీసినట్టు తేలిపోయింది. రెండు వైపులా కనుచూపు మేర పూసిన ఆవ చేలు. అప్పటిదాకా వాటి మధ్యే ఉన్నామని మాకు తెలియదు.

అదే బంకులో టైర్లు చూపించాను. బెంగళూరులో గాలి 33 పీఎస్‌ఐ పెట్టించింది, 31కి దిగింది. చలికి గాలి ముడుచుకుంటుంది, ఉత్తరాదికి వెళ్లాక పొద్దున్నే ఒకసారి చెక్ చేయించండి.

మొరేనాలో గజక్ కొన్నాం. నువ్వులు, బెల్లంతో చేస్తారు, చలికాలం మిఠాయి. మన నువ్వుల జీడిలా గట్టిగా ఉండదు. సాగదీసి, మడిచి, సుత్తులతో కొట్టి పొరలు పొరలుగా చేస్తారట. నోట్లో పెడితే పొడిపొడిగా విరిగి కరిగిపోతుంది. సంక్రాంతికి ఇంట్లో ఇద్దామని నాలుగు పెట్టెలు తీసుకున్నాం.

ఖర్చు సంగతి. పెట్రోల్‌కి సుమారు 13 వేలు అయింది. టోల్‌కి అన్నయ్య ఫాస్టాగ్ వార్షిక పాస్ తీసుకున్నారు. 2025 ఆగస్టు 15న మొదలైంది ఇది. మొదలైనప్పుడు ధర 3,000 రూపాయలు. ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. సొంత కార్లకి మాత్రమే, జాతీయ రహదారులు, జాతీయ ఎక్స్‌ప్రెస్‌వేల మీద మాత్రమే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీద, ఆగ్రా నుంచి నోయిడా వెళ్లే యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద పనిచేయదు, అవి రాష్ట్రాలవి. దారిలో ఇబ్బంది వస్తే 1033కి ఫోన్ చేయొచ్చు. ఆగ్రాలో ఆగాలనుకుంటే శుక్రవారం తాజ్‌మహల్ మూసేస్తారు. మేము వెళ్లింది శుక్రవారమే, అందుకే ఆగకుండా మథుర మీదుగా పోయాం.

రోడ్డుకి పదికి ఎనిమిది ఇస్తాను. రెండు మార్కులు తగ్గించింది గుంతలకి కాదు. రాత్రిపూట లైట్లు లేకుండా తిరిగే ట్రాలీలకి, రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బండ్లకి.

అన్నయ్యకి తాళాలు ఇచ్చేసి, కర్ణాటక ఎక్స్‌ప్రెస్‌లో రెండు రాత్రుల ప్రయాణానికి ఎక్కాం. మొదటి రాత్రి నేను మంచి నిద్రలో ఉన్నాను. మావాడు పై బెర్తు మీంచి చేయి చాచి నా భుజం తట్టాడు.

"లేరా, చంబల్ వచ్చింది."

కిటికీ అవతల ఏమీ కనపడలేదు, వంతెన శబ్దం తప్ప. ఇద్దరం దణ్ణం పెట్టుకుని మళ్లీ పడుకున్నాం.