డ్రిల్లు, మణికట్టు, థర్మామీటర్

అక్క: రికార్డవుతోందా? పోయినసారిలా కాకూడదు.

తమ్ముడు: ఎర్ర లైటు వెలుగుతోంది, ఒట్టు. ఇవాళ్టి విషయం, పార పట్టకుండా కంపోస్టు. మూడు మెషిన్లు. ముక్కలు చేసేది, తిరగేసేది, జల్లించేది.

అక్క: ముక్కలకైతే కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. ఎండాకులు పలచగా పరిచి, గడ్డి కోసే మెషిన్ వాటిమీద రెండుసార్లు నడిపితే చాలు. సంచి తగిలించి ఉంటే ఎత్తే పని కూడా తప్పుతుంది. కొమ్మలకి మాత్రం ష్రెడ్డర్ కావాలి. తడి ఆకులు వేశారో, ఇరుక్కుపోతుంది. ఇరుక్కుంటే ప్లగ్ పీకాకే చెయ్యి పెట్టండి.

తమ్ముడు: ఇక తిరగేయడానికి డ్రిల్లు.

అక్క: వచ్చాడండీ!

తమ్ముడు: నేలలో గుంతలు తీసే ఆగర్ బిట్ ఉంటుంది చూడు, మెలికలు తిరిగి. అది బిగించి కుప్పలోకి దించి పైకి లాగితే, అడుగున ఉన్నది పైకొస్తుంది. వంగక్కర్లేదు.

అక్క: మరి ఆ చేతికి కట్టెందుకో కూడా చెప్పు.

తమ్ముడు: లోపల కొమ్మ అడ్డం పడింది. బిట్ ఆగింది, డ్రిల్లు ఆగలేదు.

అక్క: స్పీడు ఎంతలో పెట్టావు?

తమ్ముడు: రెండులో.

అక్క: ఒకటిలో పెట్టమన్నానా లేదా?

తమ్ముడు: ఒకటిలో తిప్పే బలం ఎక్కువక్కా. చెయ్యి ఇంకా గట్టిగా మెలిపడేది!

అక్క: అందుకేగా పక్క హ్యాండిల్ ఇచ్చింది? అదెక్కడుంది?

తమ్ముడు: డబ్బాలో.

అక్క: డ్రిల్లు మూతి దగ్గర అంకెలు, బొమ్మలు ఉండే క్లచ్ రింగు ఎక్కడ పెట్టావు?

తమ్ముడు: డ్రిల్లు బొమ్మ మీద.

అక్క: అంకె మీద పెట్టుంటే, బిట్ ఇరుక్కోగానే టకటకమని జారేది. నీ మణికట్టు నీకుండేది. సరే, కుప్పలో వేడెంత?

తమ్ముడు: మొదలైంది థర్మామీటర్ పురాణం.

అక్క: ఎంత?

తమ్ముడు: 32.

అక్క: 32 అంటే అది కుప్ప కాదు, చెత్త. 55 దాటి కనీసం 3 రోజులు నిలిస్తే కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. రోజూ తిప్పుతున్నావు కదూ?

తమ్ముడు: రోజుకి రెండుసార్లు.

అక్క: అలా కెలికితే వేడెలా నిలుస్తుంది! అన్ని వైపులా ఒక్కో మీటరు ఉండేలా పెద్ద కుప్ప వెయ్యి. ఎండాకులు, పచ్చగడ్డి కలిపి వెయ్యి. పచ్చగడ్డి ఒక్కటే వేస్తే చాపలా అతుక్కుని కంపు కొడుతుంది. వేడి తగ్గినప్పుడు తిరగెయ్యి. మెషిన్ పని ముక్కలు చేసేటప్పుడే ఎక్కువ, తర్వాత కుప్పే చూసుకుంటుంది.

తమ్ముడు: (కాసేపు ఆగి) నడుం ఆపరేషన్ అయ్యాక పార ఎత్తలేకపోయాను. డ్రిల్లుతో ఈ ఒక్క పనీ ఎవర్నీ పిలవకుండా చేసుకుంటున్నా. అందుకే రెండుసార్లు.

అక్క: ముందే చెప్పొచ్చుగా.

తమ్ముడు: చెప్తే థర్మామీటర్ పెట్టి నన్ను చూస్తావు.

అక్క: (నవ్వు) ఆ బకెట్ రోజు చూడాల్సింది.

తమ్ముడు: బకెట్ సంగతి వద్దన్నానా!

అక్క: సరే. జల్లించేది?

తమ్ముడు: తిరిగే డ్రమ్ము, చుట్టూ జాలీ, చిన్న మోటారు. పొడి కిందికి, పెద్ద ముక్కలు అవతలికి. అంతే.

అక్క: ఆ ముక్కలు మళ్లీ కొత్త కుప్పలోకి. కంపోస్టు తడిగా ఉంటే జాలీ పూడుకుపోతుంది, కాస్త ఆరనివ్వు.

తమ్ముడు: మోటారు గురించి చాలా ఉంది అసలు...

అక్క: ముందు ఆ హ్యాండిల్ తీసుకురా. డబ్బా ఎక్కడ పెట్టావు?

తమ్ముడు: అటక మీద.

అక్క: నువ్వుండు, నేనెక్కుతా.